సిమ్యులేషన్ ల్యాబ్ హైదరాబాద్‌లో, కాన్పు ఏటూరునాగారంలో

హైదరాబాద్ చుట్టుపక్కల ఏ కొత్త మెడికల్ కాలేజీకి వెళ్లినా మనకు ముందుగా చూపించేది సిమ్యులేషన్ ల్యాబే. ఏసీ గది, అద్దం వెనక కంట్రోల్ రూమ్, మంచం మీద కళ్లార్పే బొమ్మ. ఆ బొమ్మకి నాడి కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, కంప్యూటర్ ముందు కూర్చున్నాయన ఒక బటన్ నొక్కితే బీపీ పడిపోతుంది. ఖరీదు పదుల లక్షల్లో. ఎంబీబీఎస్‌కి 2019లో కొత్త సిలబస్ వచ్చాక స్కిల్స్ ల్యాబ్ ఉండి తీరాలన్నారు కాబట్టి కాలేజీలు పెట్టుకున్నాయి, మంచిదే. పేషెంటు చెయ్యి పొడిచి నేర్చుకునే బదులు రబ్బరు చెయ్యి పొడిచి నేర్చుకుంటామంటే ఎవరు కాదంటారు?

నా గొడవ దానితో కాదు. ఏటూరునాగారం వైపు నుంచో, ఆసిఫాబాద్ నుంచో, భద్రాచలం అవతల నుంచో స్టాఫ్ నర్సుల్ని, ఏఎన్ఎంల్ని, అంబులెన్స్ సిబ్బందిని బస్సెక్కించి ఇక్కడికి పిలిపించి, రెండు రోజులు ఈ బొమ్మల ముందు నిలబెట్టి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, గ్రూప్ ఫొటో తీసి పంపించేసి, మారుమూల ప్రాంతాల సిబ్బందికి శిక్షణ పూర్తయింది అని రిపోర్టు రాసుకుంటాం చూడండి, నా గొడవంతా దానితో. నేను నర్సింగ్ పాఠాలు చెప్పే మనిషిని. ఇలాంటి బ్యాచ్‌లకి క్లాసులు చెప్పాను, ఇప్పటికీ పిలిస్తే వెళ్లి చెప్తాను. అయినా సరే, ఆ పద్ధతిలో పెట్టే డబ్బులో సగానికి పైగా దండగ అనే అంటాను. పని ఎక్కడ జరుగుతుందో శిక్షణ అక్కడికే వెళ్లాలి. కలిసి పనిచేసే వాళ్లందరూ కలిసే నేర్చుకోవాలి. కొంచెం కొంచెంగా, తరచూ జరగాలి. బొమ్మ ఎంత ఖరీదైనది అన్న మాట వీటన్నిటి తర్వాత.

ఇది ఒట్టి నా అభిప్రాయమే అయితే ఇంత గట్టిగా అనను. టాంజానియాలో హైడమ్ అని పల్లె మధ్యలో ఒక ఆసుపత్రి ఉంది. పుట్టగానే ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలో ఏం చేయాలో నేర్పే 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' శిక్షణ (అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2010లో మొదలుపెట్టింది, మన దేశంలో దాదాపు అదే పనికి 2009లోనే నవజాత శిశు సురక్షా కార్యక్రమం వచ్చింది) అక్కడి వాళ్లకి ఒక్క రోజు ఇచ్చారు. కొన్ని నెలలాగి బొమ్మ మీద పరీక్ష పెడితే చాలామంది బాగా మెరుగయ్యారు. అదే కాన్పు గదిలో నిలబడి, నిజం బిడ్డల దగ్గర ఏం చేస్తున్నారో గమనిస్తే మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2013లో అచ్చయింది ఈ సంగతి. మామూలుగా అయితే ఇంకొక రోజు శిక్షణ పెడదాం అని తీర్మానం చేసేవాళ్లు. వాళ్లు పద్ధతే మార్చేశారు. వారానికోసారి, డ్యూటీలో ఉండగానే, ఆ కాన్పు గదిలోనే, మూడు నుంచి ఐదు నిమిషాలు బొమ్మతో అభ్యాసం. నెలకోసారి ఇంకాస్త ఎక్కువసేపు. అంతే. ఆ తర్వాత, పుట్టిన 24 గంటల్లోపే చనిపోయే బిడ్డల సంఖ్య మూడో వంతుకు పైగా తగ్గింది. ఆసుపత్రి అదే, బొమ్మ అదే. ఆ బొమ్మ కూడా ఏమంత గొప్పది కాదు, లోపల నీళ్లు నింపితే పసిబిడ్డ బరువు వస్తుంది, చిన్న రబ్బరు బల్బు నొక్కితే బొడ్డుతాడు కొట్టుకుంటుంది. ధర వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు.

ఎందుకిలా అంటే, చేతికి వచ్చిన పని చేస్తూ ఉంటేనే చేతిలో ఉంటుంది. సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, ఊపిరి అందించడం) నేర్చుకున్న వాళ్లలో మూడు నుంచి ఆరు నెలల్లోనే పట్టు తప్పుతుందని ఎన్నో పరిశోధనలు చెప్పాయి, కానీ చేతిలో ఉన్న సర్టిఫికెట్ కార్డు మాత్రం రెండేళ్లు చెల్లుతుంది. గాంధీలోనో నిలోఫర్‌లోనో పనిచేసే నర్సుకి ఇబ్బంది లేదు, రోజూ ఏదో ఒక ఎమర్జెన్సీ చెయ్యి పట్టుకుని నేర్పిస్తుంది. ఏజెన్సీ పీహెచ్‌సీలో నెలకి జరిగే కాన్పులే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో బిడ్డ ఏడవకపోవడం, తల్లికి రక్తం ఆగకపోవడం ఎప్పుడో ఒకసారి. ఎప్పుడో ఒకసారి వచ్చేదానికి రోజూ చేసేవాళ్లంత చురుగ్గా చేతులు ఆడాలంటే డ్రిల్, అంటే నిజంగా జరిగినట్టే చేసి చూసుకునే అభ్యాసం తప్ప ఇంకో దారి లేదు. రాష్ట్రం మొత్తం మీద చూస్తే తెలంగాణ బాగానే ఉంది, 2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన లక్ష బిడ్డలకి 43 మంది తల్లులు చనిపోతే దేశం సగటు 97. కానీ సగటు అంటే కూకట్‌పల్లి కార్పొరేట్ ఆసుపత్రి కాన్పునీ, మంచాన్నే డోలీ చేసి వాగు దాటించి మోసుకొచ్చిన కాన్పునీ ఒకే సంచిలో వేసి తీసిన అంకె.

ఇక గది సంగతి. ల్యాబులో ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. ట్రేలో మందులు వరసగా సర్ది ఉంటాయి, అంబు బ్యాగ్‌కి (ఊపిరి ఆడనివాళ్లకి చేత్తో నొక్కి గాలి అందించే సంచి) సరిపడే మాస్కు ఉంటుంది, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంటుంది. ఒకసారి ఒక పీహెచ్‌సీలో, వాళ్ల కాన్పు గదిలోనే, రక్తస్రావం డ్రిల్ పెట్టాం. మొదలైన కాసేపటికే ఆగిపోయింది. గర్భసంచిని బిగించి రక్తం ఆపే ఆక్సిటోసిన్ మందు కావాలి. అది చల్లగా ఉండాలి కాబట్టి ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ ఉన్న గదికి తాళం. తాళంచెవి ఫార్మసిస్టు దగ్గర, ఆయన సాయంత్రమే ఇంటికి వెళ్లిపోయాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు, మందులు పోతే జవాబు చెప్పాల్సింది ఆయనే కాబట్టి తాళం వేసుకున్నాడు. కానీ ఈ సంగతి హైదరాబాద్‌లో ఎన్ని రోజుల శిక్షణ ఇచ్చినా బయటపడేది కాదు. నర్సుకి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి ఇవ్వాలని బాగా తెలుసు, పరీక్ష పెడితే పదికి పది వస్తాయి. తెలిసినదానికీ చేతిలోకి వచ్చేదానికీ మధ్య ఒక తాళం ఉంది. డ్రిల్‌లో దొరికింది కాబట్టి మర్నాడే నర్సు టేబుల్ దగ్గర చిన్న ఐస్ బాక్సు, అందులో రెండు ఆంపుల్స్ పెట్టుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఒక్క రూపాయి గ్రాంటు కూడా అడగలేదు.

అక్కడి డ్రిల్ చేసే పని రెండు రకాలు అన్నమాట. మనుషుల చేతులు ఆడిస్తుంది, ఆ ఆసుపత్రిలో ఎక్కడ కన్నం ఉందో చూపిస్తుంది. రెండోదాన్ని మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు.

రక్తస్రావం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అక్కడే ఎక్కువమంది తల్లులు పోతారు. కాన్పు తర్వాత ఎంత రక్తం పోయిందో కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. చీర పీలుస్తుంది, బట్టలు పీలుస్తాయి, కొంత కింద బకెట్లోకి పోతుంది. అర లీటరు దాటాక గానీ ఎవరూ కంగారు పడరు, అప్పటికి చెయ్యి దాటుతూ ఉంటుంది. దీనికి మందు చాలా చవక: కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు ఒకటి తల్లి కింద పరిస్తే రక్తం అందులోకి దిగి ఎంతో కనపడుతుంది. మన పక్కన బెళగావిలో జరిగిన పరిశోధనల్లో ఇలాంటి షీటుని చాలా ముందే వాడారు. 2023లో అచ్చయిన ఈ-మోటివ్ అనే పెద్ద పరిశోధనలో, ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షల మందికి పైగా తల్లుల మీద ఈ షీటునీ, గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పరీక్ష, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి మొదలుపెట్టే పద్ధతినీ కలిపి చూశారు. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం, అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. అందులో కొత్త మందు ఒక్కటి కూడా లేదు. ఉన్నవాటినే ఒకేసారి, ఆలస్యం లేకుండా చేయడం నేర్పారు, అదీ వాళ్ల వాళ్ల ఆసుపత్రుల్లోనే నేర్పారు. ఒకేసారి చేయాలంటే ఎవరు ఏది పట్టుకోవాలో ముందే తెలియాలి కదా, క్లాసులో స్లైడు చూస్తే అది రాదు.

ఈ డ్రిల్‌కి కళ్లార్పే బొమ్మ కూడా అక్కర్లేదు. నార్వే కంపెనీ లేర్డాల్ తయారు చేసిన మామానటాలీ అని ఒకటుంది, బొమ్మ అనడానికి కూడా లేదు, ట్రైనరే పొట్టకి కట్టుకునే సంచి లాంటిది. లోపల బిడ్డ, మాయ, ఎర్రనీళ్ల తిత్తి ఉంటాయి. కట్టుకున్న మనిషి గర్భసంచిని గట్టిగానూ ఉంచగలదు, మెత్తగానూ వదిలేయగలదు, రక్తం కారించగలదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె మనిషి. నొప్పికి అరుస్తుంది, "నాకేమవుతోంది సిస్టర్?" అని అడుగుతుంది, నర్సు జవాబు చెప్పకుండా సూది వెయ్యబోతే చెయ్యి లాక్కుంటుంది. (ఇదే కంపెనీ మొదట్లో ఆటబొమ్మలు చేసేది, సీపీఆర్ నేర్పే రిససీ ఆన్ బొమ్మ 1960లో వీళ్ల దగ్గరే పుట్టింది.) ఇంకా చవకగా మెక్సికోలో ప్రోంటో అనే సంస్థ వాళ్లు ఆసుపత్రి ప్యాంటునే కత్తిరించి కుట్టి కాన్పు బొమ్మలాగా వాడారు. ఆ ప్యాంటే తర్వాత బీహార్ పీహెచ్‌సీల దాకా వచ్చింది.

మా దగ్గర ఇలాంటి పాత్ర వేయడానికి నేను ఎప్పుడూ ఆశ వర్కర్‌నే అడుగుతాను. కోయ, గోండు ఊళ్ల నుంచి వచ్చే ఆశలు కాన్పు మంచం ఎక్కి, తెలుగు రానట్టు తమ భాషలోనే మాట్లాడతారు. అప్పుడు చూడాలి తమాషా. మైదానం నుంచి పోస్టింగ్ మీద వచ్చిన నర్సు తెలుగులో "ముక్కకమ్మా, ఊపిరి తీసుకో" అని అరుస్తూనే ఉంటుంది, మంచం మీదామె ఇంకా గట్టిగా ముక్కుతూనే ఉంటుంది. గది బయట కూర్చున్న అత్తకో, వదినకో తెలుగు వచ్చు, లోపలికి పిలిస్తే సరిపోతుంది, ఆ ఆలోచన రావడానికి కొందరికి చాలాసేపు పడుతుంది. హైదరాబాద్ ల్యాబులో బొమ్మ స్పీకర్లోంచి మాట్లాడేది ఇంగ్లిష్, మహా అయితే టీవీ యాంకర్ తెలుగు.

స్టాన్‌ఫర్డ్‌లో మత్తు డాక్టర్ డేవిడ్ గాబా 2004లోనే రాశాడు, సిమ్యులేషన్ అంటే ఒక పద్ధతి, టెక్నాలజీ కాదని. విమానాల పైలట్లకి ఇచ్చే శిక్షణని ఆపరేషన్ థియేటర్లోకి తెచ్చిన వాళ్లలో ఆయన ముఖ్యుడు, బొమ్మల గురించి ఆయనకి తెలియక అన్న మాట కాదు.

మరి ఆ పద్ధతిలో అసలు పని ఎక్కడుంది అంటే డ్రిల్ అయిపోయాక కూర్చుని మాట్లాడుకునే దగ్గర. పది నిమిషాల డ్రిల్‌కి ఇరవై నిమిషాలు మాట్లాడుకోవాలి. మనవాళ్లకి రానిది ఇదే. మన దగ్గర డ్రిల్ అవ్వగానే పెద్దాయన లేస్తాడు, "ఏంటమ్మా అది, అంబు బ్యాగ్ అలాగేనా పట్టుకునేది? ట్రైనింగ్‌లో ఏం నేర్చుకున్నారు?" అని క్లాసు పీకుతాడు. అందరూ తల దించుకుంటారు. వచ్చే డ్రిల్‌కి సగం మంది సెలవు పెడతారు. క్లాసు పీకడం వల్ల ఎవరికీ ఏదీ రాదు, ఎలా దాచాలో మాత్రం వస్తుంది. అడగాల్సిన తీరు వేరు: "సూది వేయడానికి ముందు నువ్వు కాసేపు ఆగావు, అప్పుడు ఏం ఆలోచిస్తున్నావో చెప్తావా?" అని అడిగి, చెప్పేదాకా నోరు మూసుకుని ఉండాలి. ఒక నర్సు ఇలా అడిగితే చెప్పింది: రక్తం ఎక్కువ పోతోందని తనకి ముందే అనిపించిందట, కానీ డాక్టర్ సార్ అక్కడే నిలబడి ఏమీ అనడం లేదు కాబట్టి మామూలేనేమో అనుకుందట. డాక్టర్ సార్ ఏమన్నాడో తెలుసా? సిస్టర్ ఏమీ అనడం లేదు కాబట్టి మామూలేనేమో అనుకున్నాను అన్నాడు! ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఆ ఒక్క మాట బయటికి రావడానికి పెట్టిన ఖర్చు టీ, బిస్కెట్లు.

దీనికి రెండు కట్టుబాట్లు ఉండాలి, ఇవి లేకుండా నేను డ్రిల్ పెట్టను. ఒకటి, డ్రిల్‌లో జరిగింది ఎవరి సర్వీసు రికార్డులోకీ, ఏ అధికారి చెవిలోకీ వెళ్లకూడదు. రెండు, వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. రెండోది మొదటిదానికన్నా కష్టం, ఫొటో లేకపోతే ప్రోగ్రామ్ జరిగినట్టు పైవాళ్లు నమ్మరు.

ఇక రెస్క్యూ టీముల దగ్గరికి వద్దాం. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, రాష్ట్రంలో అప్పటిదాకా ఎప్పుడూ నమోదు కాని అంకె అది. జంపన్న వాగు కొండాయి ఊరిని ముంచేసి మనుషుల్ని లాక్కెళ్లింది. భూపాలపల్లి వైపు మోరంచపల్లిలో జనం ఇళ్ల పైకప్పులెక్కి ఎదురుచూశారు, హెలికాప్టర్లు, బోట్లు దిగాల్సి వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఇలాంటప్పుడు పడవ నడిపే జాతీయ విపత్తు దళం (ఎన్డీఆర్ఎఫ్) జవాను, ఒడ్డున 108లో కాచుకున్న ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే మనిషి), ఊరు దారి తెలిసిన పంచాయతీ కార్యదర్శి, పీహెచ్‌సీలో ఉన్న ఒక్క డాక్టరు, వీళ్లు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ రోజే, ఆ వానలోనే. ఎవరి పని వాళ్లకి బాగా వచ్చు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మనిషి మారే దగ్గర ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో ఎవరూ కలిసి చేసి చూసుకోలేదు. పడవలోంచి దింపిన ముసలాయన నీళ్లలో ఎంతసేపు ఉన్నాడు, స్పృహ తప్పాడా, షుగర్ మందులేమైనా వాడుతున్నాడా, ఇది పడవలోవాళ్లకే తెలుసు, వాళ్లు ఆయన్ని దింపేసి ఇంకో ట్రిప్పుకి వెళ్లిపోతారు. 108 మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. డ్రైవర్‌ని పైలట్ అనడం, వెనక శిక్షణ ఉన్న ఈఎంటీని కూర్చోబెట్టడం అప్పుడు ఎంత కొత్తో నాకు గుర్తుంది. ఆ ఇద్దరూ కలిసి నేర్చుకుంటారు కాబట్టే బండిలో చేతులు కలుస్తాయి. ఆ జట్టుని బండి తలుపు దాటించి ఇంకొంచెం పెద్దది చేయమంటున్నాను, అంతే.

మాక్ డ్రిల్స్ జరుగుతున్నాయి కదా అంటారు. జరుగుతున్నాయి. 2025 మే 7న సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి, సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలీ అని నాలుగు చోట్ల చేస్తున్నామని ముందే చెప్పారు, జనం ఫోన్లలో తీసుకున్నారు. ఊరికి చాటి చెప్పడానికి అలాంటివి కావాలి, నేను కాదనను. కానీ జిల్లాల్లో చాలా మాక్ డ్రిల్స్ కూడా అదే అచ్చులో పోస్తారు: షామియానా, మైకు, అధికారి రాకకోసం గంటసేపు నిరీక్షణ, ఆయన వచ్చాక స్ట్రెచర్ మీద నవ్వు ఆపుకుంటున్న హోంగార్డు. ఎక్కడ ఏది ఆగుతుందో తెలుసుకోవడానికి కాదు, ఏదీ ఆగడం లేదని చూపించడానికి చేస్తారు. అన్నీ సాఫీగా జరిగిన డ్రిల్ నా లెక్కలో చెడిపోయిన డ్రిల్.

మనకి ఇదంతా కొత్తా అంటే కాదు, సింగరేణి వాళ్లని అడగండి. బొగ్గు గనుల్లో రెస్క్యూ టీములు ఉండి తీరాలని చట్టమే ఉంది, మైన్స్ రెస్క్యూ రూల్స్ 1985లో వచ్చాయి, అంతకు ముందు కూడా నియమాలు ఉండేవి. రెస్క్యూ స్టేషన్లో గని లోపలిలాగే కట్టిన గ్యాలరీ ఉంటుంది, అందులో వేడి పెంచుతారు, పొగ నింపుతారు, వీపున ఆక్సిజన్ సెట్టు, మొహాన మాస్కు పెట్టుకుని జట్టుగా లోపలికి దూరి, మనిషిని మోసుకుని బయటికి రావాలి. శిక్షణ ఒకసారి పొందాక అయిపోదు, మళ్లీ మళ్లీ రావాలి, రాకపోతే జట్టులో చోటు పోతుంది. ఇంకో సంగతి, వాళ్లు ఎక్కడి నుంచో వచ్చిన నిపుణులు కాదు, గనిలో పనిచేసేవాళ్లే. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) టన్నెల్ కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు ఆర్మీ, ఎన్డీఆర్ఎఫ్ పక్కన సింగరేణి వాళ్లని కూడా పిలిచారు. ఎనిమిది మందిలో ఒక్కరినీ బతికించుకోలేకపోయాం, అంత బురద, నీరు, రాయి కలిసిన చోట ఏ శిక్షణైనా ఎంతని చేస్తుంది. కానీ లోపలికి వెళ్లగలిగిన మనుషులు మన రాష్ట్రంలోనే తయారుగా ఉన్నారు, దశాబ్దాలుగా విసుగు లేకుండా చేసిన డ్రిల్స్ వల్ల ఉన్నారు. గనికి చట్టం పెట్టి చేయించగలిగినప్పుడు కాన్పు గదికి ఎందుకు చేయించలేం?

జవాబు నాకు తెలుసు, వంద చోట్ల విన్నాను. స్టాఫ్ లేరు, టైమ్ లేదు. ముందు పోస్టులు నింపండి, ఆక్సిజన్ ఇవ్వండి, రోడ్డు వేయండి, తర్వాత డ్రిల్స్ సంగతి చూద్దాం. ఇందులో సగం నిజం ఉంది. రోడ్డు లేని చోట శిక్షణ ఇచ్చి బాధ్యత తీరిందనుకోవడం మోసమే. డోలీ మోతలకి విరుగుడు రోడ్డే, బొమ్మ కాదు. కానీ రెండు రోజులు హైదరాబాద్‌కి పంపితే ఆ పీహెచ్‌సీలో రెండు రోజులు, ప్రయాణంతో కలిపి నాలుగు రోజులు నర్సు ఉండదు. భద్రాచలం ఇక్కడికి 300 కిలోమీటర్ల పైనే. వారానికి ఐదు నిమిషాలకి టైమ్ లేదనే వాళ్లే ఆ నాలుగు రోజులు ఎలా సర్దుతున్నారో నాకు అర్థం కాదు. పోస్టులు లేవు, సామాను లేదు అని కాగితం మీద రాస్తే పైన పట్టించుకోరు, అదే డ్రిల్‌లో ఎన్నో నిమిషంలో ఏది దొరక్క ఆగిపోయిందో తారీఖుతో రాసి పంపితే కదలిక వస్తుంది, అది నేను చూశాను.

ఎవరు నేర్పాలి అనేది మాత్రం నిజమైన చిక్కు. నాలాంటి వాళ్లు హైదరాబాద్ నుంచి వెళ్లి చేసి వస్తే ఆ వేడి నాలుగు రోజులు ఉంటుంది. బీహార్‌లో నర్సుల్నే మెంటర్లుగా తయారు చేసి పీహెచ్‌సీల చుట్టూ తిప్పారు. ఒక్కో చోట చాలా రోజులు వాళ్లతో పాటే పనిచేస్తూ, డ్రిల్స్ పెడుతూ, మాట్లాడుతూ ఉండేవాళ్లు. మనకి కావాల్సింది ఆ ఉద్యోగం. ఒక్కో ఐటీడీఏ (గిరిజన ప్రాంతాల అభివృద్ధి సంస్థ) పరిధికి కొందరు సీనియర్ నర్సులు, ఒక వ్యాను, నాలుగు చవక బొమ్మలు, అంతకు మించి అక్కర్లేదు. హైదరాబాద్ ల్యాబులు ఆ మెంటర్లని తయారు చేయనీ, డ్రిల్ తర్వాత ఎలా మాట్లాడాలో నేర్పనీ, ఆ పనికి ఏసీ గదీ అద్దమూ బాగా ఉపయోగపడతాయి.

ఆ ఉద్యోగాలు వచ్చేదాకా ఆగాలా అంటే అక్కర్లేదు. మెడికల్ ఆఫీసర్లు ఎవరైనా ఇది చదువుతుంటే: సీసాలో కుంకుమ కలిపిన నీళ్లు, ఒక పాత చీర, మంచం ఎక్కడానికి ఒప్పుకున్న ఆశ అక్క ఉంటే చాలు. బిడ్డ పుట్టింది, రక్తం ఆగడం లేదు అని చెప్పి ఫోన్లో టైమర్ ఆన్ చేయండి. మొదటి సూది పడేసరికి ఎంతసేపయిందో చూడండి, అయ్యాక అందరూ కింద కూర్చుని మాట్లాడుకోండి, మీరు చివర్లో మాట్లాడండి. మళ్లీ నెలలో అదే డ్రిల్ రాత్రి డ్యూటీలో పెట్టండి. రాత్రిపూట ఉండేది ఒక్క నర్సూ ఒక ఆయాయే అయితే ఆ ఇద్దరితోనే పెట్టండి, మీరు అక్కడ ఉన్నా చెయ్యి వేయకండి. ఆయాకి అంబు బ్యాగ్ ఎక్కడుందో తెలియాలి, ఫోన్లో ఎవరికి చేయాలో తెలియాలి, లైటు పట్టుకోవడం తెలియాలి, ఎందుకంటే అర్ధరాత్రి ఆ గదిలో ఉండే రెండో మనిషి ఆవిడే.